అరంగుళం అబద్ధం

మా పెదకాకానిలో కొత్త బండి కొన్నవాడు మొట్టమొదట మల్లేశ్వరస్వామి గుడి ముందు ఆపుతాడు. పూజ చేయించి, దండ వేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ తరవాతే గుంటూరో బెజవాడో వెళతాడు. కొత్తగా ఇల్లు కట్టేవాడికీ, చేలో బోరు వేయించేవాడికీ అట్లాంటి దేవుడెవరూ లేరు. వాళ్ళు తిన్నగా నా కొట్టుకు వస్తారు. నాది పైపులు, పంపులు, వాటి సరంజామా అమ్మే కొట్టు. నన్నడిగితే, నిమ్మకాయ పెట్టి తొక్కించవలసింది వాళ్ళ చేతిలో వుండే కాగితాన్ని. ఈ నాలుగు మాటలూ ఆ కాగితం గురించే.

పూర్వం పంపుల మేస్త్రి సిగరెట్ పెట్టె చింపి, దాని వెనక పెన్సిలుతో "ముప్పావు పైపులు 12, ఎల్బోలు 20, సొల్యూషన్ 1" అని రాసి పంపేవాడు. అక్షరాలు కోడి కెలికినట్టు వుండేవి. అయినా నాకు అర్థమయ్యేది. అతనికి అర్థమయ్యేది. ఇంటాయనకు అర్థం కాకపోయినా ఇంట్లోకి నీళ్ళు వచ్చేవి. ఇప్పుడు వచ్చే కాగితం చూస్తే కళ్ళు చెదురుతాయి. కంప్యూటరు మీద గీసిన గీతలు, నీలం ఒక పైపుకి, ఎరుపు ఒక పైపుకి, మూలన కంపెనీవారి ముద్ర. అక్షరాలు ముత్యాలు. అర్థం మాత్రం సున్నా. సున్నా అంటే మామూలు సున్నా కూడా కాదు, అడ్డగీత కొట్టిన సున్నా. వ్యాసానికి గుర్తుట అది.

నా ఫిర్యాదు కంప్యూటరు మీద కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. 1982 డిసెంబరులో ఆటోక్యాడ్ అనేది బయటికి వచ్చింది. బల్ల మీద బోర్లా పడుకున్నట్టు వంగి, బ్లేడుతో ఇంకు గీకి చెరుపుకునే డ్రాఫ్ట్స్‌మన్ల నడుములు ఆ తరవాత కాస్త నిలబడ్డాయి. సంతోషమే. నా ఫిర్యాదంతా ఆ గీత పక్కన రాసే అంకె మీద. ఆ అంకె అంగుళమా, మిల్లీమీటరా? పైపు లోపల కొలిచిందా, బయట కొలిచిందా? పైపు ఇనుముదా, ప్లాస్టిక్‌దా? ఇవేవీ చెప్పకుండా గీత పక్కన "75" అని రాసి చేతులు దులుపుకునే మనిషి, పెళ్ళి శుభలేఖ మీద పెళ్ళికూతురి పేరు వేయకుండా "ఒక అమ్మాయి" అని అచ్చేయించినవాడితో సమానం.

"ఇంత చిన్న విషయానికి ఇంత గోలా?" అంటారేమో. అయ్యా, ఒక రహస్యం చెబుతాను వినండి. అరంగుళం పైపులో అరంగుళం అనేది ఎక్కడా లేదు.

అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. అందులో సగం 12.7. ఇనప పైపు, అదే జీఐ పైపు తెచ్చి టేపు పెట్టండి. బయట కొలిస్తే సుమారు 21.3 వస్తుంది. లోపల కొలిస్తే 16 దరిదాపుల్లో వుంటుంది. ఐ.ఎస్. 1239 అనే ప్రమాణంలో దాని పేరు 15. ఇన్ని అంకెల్లో 12.7 ఎక్కడన్నా కనిపించిందా? కనిపించదు. వెనకటికి ఇనప పైపులు దళసరిగా చేసేవారు. అప్పట్లో లోపలి బెజ్జం నిజంగానే అరంగుళం దరిదాపుల్లో వుండేదిట. తరవాత ఇనుము చేసే పద్ధతి మెరుగై గోడ పలచబడింది. బయటి కొలత మారిస్తే మరలు పట్టవు, పాత సాకెట్లు పనికిరావు. కాబట్టి బయట అట్లాగే వుంచి లోపల పెద్దది చేశారు. పేరు మాత్రం మార్చలేదు. మా బజార్లో డెబ్భై ఏళ్ళ పెద్దాయన్ని ఇప్పటికీ అందరూ "చిన్నోడా" అనే పిలుస్తారు. మనవళ్ళు పుట్టినా ఆయన చిన్నోడే. అరంగుళం పైపుదీ అదే సంగతి. అది కొలత కాదు, ముద్దుపేరు.

ఇక ప్లాస్టిక్ సంగతి. ఇంట్లో వేసే తెల్ల పైపు అరంగుళం అంటే బయట 21.3, ఇనప పైపుకి సవతి తమ్ముడు. వేడినీళ్ళకు వేసే మీగడ రంగు సీపీవీసీ అరంగుళం అంటే బయట 15.9, దాని చుట్టరికం రాగి గొట్టాలతో. ఐ.ఎస్. 4985 ప్రకారం చేసిన పీవీసీ పైపు అరంగుళం అంటే బయట నికరంగా 20. ఒకే పేరుతో నా కొట్లో మూడు లావుల పైపులు నిలబడి వున్నాయి. డ్రాయింగులో "1/2" అని మాత్రమే రాస్తే ఈ ముగ్గురిలో ఎవర్ని పంపమంటారు? పందొమ్మిదికీ, ముప్ఫైకీ తేడా అయితే ఎవడైనా కనిపెడతాడు. భయపడవలసింది 20కీ 21.3కీ వున్న తేడాకే. ఆ రెండూ అతుక్కున్నట్టే వుంటాయి. కుర్రాడు రెండు చుక్కలు సొల్యూషన్ ఎక్కువ పోసి, తిప్పి, "అయిపోయిందన్నా" అంటాడు. పైన సిమెంటు, ఆపైన టైల్సు, గృహప్రవేశం, భోజనాలు. ఏడాదికి హాల్లో గోడ మీద రంగు పొక్కుతుంది. వాస్తు చూసేవాడిని పిలుస్తారు. ఆయన ఈశాన్యంలో బరువుందని చెప్పి వెళతాడు. గోడలో చెమ్మ మాత్రం చెమ్మగానే వుంటుంది.

అసలు నా కడుపు మండించింది ఇల్లు కాదు, చేను. పోయినేడు మా పక్క వూరి మిర్చి రైతు ఒకతను నా దగ్గరికొచ్చాడు. నన్ను బాబాయ్ అని పిలుస్తాడు. బోరు దగ్గర్నుంచి చేను చివరిదాకా భూమిలో పైపు వేసి, డ్రిప్పు పెట్టుకున్నాడు. మెయిన్ లైను మూడంగుళాలు వెయ్యాలని ముందే అనుకున్నారు. బొమ్మ గీసిన ఆఫీసు పేరు నాకు తెలుసు గాని ఇక్కడ చెప్పను. వాళ్ళ కాగితం మీద ఆ లైను పక్కన "76.20" అని వుంది. ముందు అడ్డగీత సున్నా, వెనక మిల్లీమీటరని కూడా లేదు. అది పట్టుకుని అతను వేరే వూళ్ళో కొట్టుకి వెళ్ళాడు. 76.20 పైపు భూప్రపంచంలో ఎవరూ చెయ్యరు. కొట్టువాడు దగ్గర్లో వున్నదేదో చూసి 75 ఇచ్చాడు. అతని తప్పేముంది? కాగితానికి అతి దగ్గర అదే కదా.

ఇక్కడే వుంది తిరకాసు. మా వైపు ఏ రైతునైనా అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. 63 అంటే రెండంగుళాలు. 75 అంటే రెండున్నర. 90 అంటే మూడు. 110 అంటే నాలుగు. ఇవన్నీ బయటి కొలతలు. బజారులో మూడంగుళాలంటే 90. కంప్యూటరులో మూడంగుళాలంటే 76.2. రైతు మూడంగుళాలని చెప్పాడు, కంప్యూటరు గుణించింది, కొట్టువాడు సవరించాడు, చివరికి భూమిలోకి వెళ్ళింది రెండున్నర. ముగ్గురూ తమ పని సవ్యంగానే చేశామని ప్రమాణం చెయ్యగలరు.

అర అంగుళం తగ్గితే ఏమవుతుంది అనకండి. అదే తరగతి పైపుల్లో, అన్నే నీళ్ళు తోలితే, 90లో రాపిడికి పోయే ఒత్తిడి కంటే 75లో పోయేది దరిదాపు రెండున్నర రెట్లు. పైపు కొంచెం సన్నమైతే నష్టం కొంచెం పెరగదు, విపరీతంగా పెరుగుతుంది. నీళ్ళకు లెక్కల్లో దయాదాక్షిణ్యాలు లేవు. మోటారు దగ్గర వుండే సాళ్ళకు పుష్కలంగా అందాయి. చేను కొసకు వెళ్ళేసరికి డ్రిప్పు చుక్కలు ఏకాదశి తీర్థంలాగా రాలాయి. పూత మీద వున్న మిరప చెట్టుకి ఏకాదశీ ద్వాదశీ తెలియవు. పూత రాల్చుకుంది. 2004 నుంచి సేద్యానికి కరెంటు వుచితమే, కాదనను. కాని ఇచ్చే గంటలు లెక్కే. రెండు గంటలు అదనంగా మోటారు వేసుకుందామంటే ఆ రెండు గంటలూ ఎవరిస్తారు?

బొమ్మ గీసిన కుర్రాడికి నేనే ఫోను చేశాను. మర్యాదస్తుడు, పాపం.

"బాబూ, 76.20 అని రాశావే, ఆ పైపు ఎవరు చేస్తారు?"

"మూడంగుళాలండీ. 25.4 పెట్టి గుణిస్తే వచ్చిందండీ. సాఫ్ట్‌వేరే చేసుకుంటుందండీ."

"మూడంగుళాల పైపంటే 90 నాయనా."

"తొంభయ్యా! లెక్క ప్రకారం తొంభై అంటే మూడున్నర పైన అవుతుంది గదండీ?"

"లెక్క నీదే రైటు. పైపే తప్పు."

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. రైతు నవ్వలేదు. నల్లరేగడిలో పూడ్చిన పైపు మళ్ళీ తవ్వి తీయడమంటే ఏమిటో తెలిసినవాడెవడూ నవ్వడు. ఎండితే పార దిగదు, తడిస్తే పార రాదు.

గుణకారంతో పనికాని సంగతులు లోకంలో కొన్ని వుంటాయని మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయికి పదహారణాలు పోయి నూరు పైసలయ్యాయి. అణాకి 6 నయాపైసలు. మరి మూడణాలకి? పద్ధెనిమిది అని టక్కున చెబుతాడు ఇప్పటి పిల్లాడు. కాదు, 19. నాలుగణాలకి 25. అణాకి 6 చొప్పున పదహారణాలు లెక్కవేస్తే 96 దగ్గర ఆగిపోతుంది కాబట్టి, ఎక్కడెక్కడ సర్దాలో సర్కారువారే పట్టిక తయారుచేశారు. చదువురాని ముసలమ్మలు కూడా ఆ పట్టికను నోటికి పట్టుకుని కూరగాయలు కొన్నారు. ఎవరికి వారు గుణించి వుంటే సంతలో తలలు పగిలేవి. 1956లో చట్టం, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు, మీటర్లు. మా తాతగారి గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం అటకెక్కాయి. నాకేమీ బెంగ లేదు. ఒక వూరి కుంచం ఇంకో వూరి కుంచంతో సమానంగా వుండేది కాదని, అమ్మేటప్పుడొక కుంచం, కొనేటప్పుడొక కుంచం దాచుకున్న మహానుభావులుండేవారని ఆయనే చెప్పేవారు. పైపు అంగుళం నుంచి మిల్లీమీటరుకి రావాలన్నా గుణకారం కాదు, పట్టిక కావాలి. పట్టిక చూడకుండా మీట నొక్కేవాడు పాత రెండు కుంచాల షావుకారుకి ఏ రకంగానూ తీసిపోడు. తేడా ఒక్కటే. షావుకారు తెలిసి చేశాడు.

ఇంతటితో అయిపోతే బాగుండును. ఆ అంకెకు వేసే అలంకారాలు ఇంకో ఎత్తు. 76.2000 అని చుక్క తరవాత నాలుగు అంకెలదాకా, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతుదాకా లెక్క చూపిస్తారు. గుంటూరు బంగారం కొట్లో కూడా అంత ఖచ్చితంగా తూచరు. పారతో తవ్విన కాలవలో, మోకాలితో నొక్కి, ఎండకు సాగి, చలికి ముడుచుకునే ప్లాస్టిక్ పైపుకి మిల్లీమీటరులో పదివేలో వంతు! ఆ సున్నాలు వేసింది మనిషి కాదనీ, వేశాక ఎవరూ చదవలేదనీ అవే సాక్ష్యం చెబుతున్నాయి.

ఒకటిన్నర అంగుళాన్ని ఒకటి, పక్కన కొంచెం ఎడం, ఆ తరవాత ఒకటి బై రెండు అని రాయాలి. ఎడం చెరిగిపోయి "11/2" అవుతుంది. పదకొండు బై రెండు అంటే ఐదున్నర. మా కొట్లో పనిచేసే కుర్రాడు బుద్ధిమంతుడు కాబట్టి నన్నడిగాడు, "ఐదున్నర పైపుంటదా మావయ్యా?" అని. సామాను జాబితా పట్టికలో వేసేటప్పుడు ఇంకా విచిత్రం. అరంగుళం అని "1/2" కొడితే కంప్యూటరు దాన్ని తారీఖు అనుకుని ఫిబ్రవరి 1 చేస్తుంది. ముప్పావు ఏప్రిల్ 3 అవుతుంది. "ఏప్రిల్ 3 ఎల్బోలు, నలభై" అని అచ్చయిన జాబితా నా దగ్గర భద్రంగా వుంది. కింద సంతకం, సీలు కూడా వున్నాయి. వ్యాసం గుర్తు కోసం రెండు పర్సెంటు గుర్తులు కొట్టి పక్కన ఇంగ్లీషు సీ వెయ్యాలిట. ఒక యంత్రంలోంచి ఇంకో యంత్రంలోకి వెళ్ళేటప్పుడు అది కాస్తా ప్రశ్నార్థకమో, ఖాళీ డబ్బానో అయి కూచుంటుంది. "? 110" అని వస్తుంది. ఈ ఒక్క చోట మాత్రం డ్రాయింగు నిజాయితీగా వుందనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి కూడా ఆ కుర్రాళ్ళే చెప్పారు. కంప్యూటరులో గీసిన గీతకు పుట్టుకతో కొలమానం వుండదుట. వంద అంటే వంద. వంద అడుగులా, అంగుళాలా, మిల్లీమీటర్లా అన్నది గీసినవాడి మనసులో వుంటుంది, లేకపోతే వాడు ముందుగా పెట్టిన ఏర్పాటులో వుంటుంది. అంగుళాల్లో గీసిన మరుగుదొడ్డి బొమ్మను మిల్లీమీటర్ల ఇంట్లోకి తెచ్చి పెడితే అది చీమతలంత అవుతుంది. అటుది ఇటు అయితే ఇల్లంతా అదే అవుతుంది, ఇరవై అయిదు రెట్ల పైన. మరుగుదొడ్డి పెద్దదైతే ఎవరికైనా కనబడుతుంది కాబట్టి సరిదిద్దుతారు. పైపు పక్కన అంకె తప్పయితే కనబడదు. అందుకే దాన్నెవరూ సరిదిద్దరు.

ఆ కాగితం నా దగ్గరికి వచ్చేది కూడా అసలు సైజులో కాదు. పెద్ద కాగితం మీద రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తున వేసిన అక్షరాలు, గుమాస్తా దాన్ని మామూలు తెల్లకాగితం సైజుకి కుదించి జిరాక్సు తీసేసరికి మిల్లీమీటరుకన్నా తక్కువైపోతాయి. 6కీ 8కీ తేడా తెలియదు. కింద "ఇంత కొలతకు ఇంత" అని రాసిన స్కేలు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అట్లాగే వుంటుంది, ఇప్పుడది పచ్చి అబద్ధమైనా సరే. ఆ జిరాక్సుకి మేస్త్రి ఫోనుతో ఫొటో తీస్తాడు. ఆ ఫొటోను నాకు పంపుతాడు. నేను కళ్ళజోడు తుడుచుకుంటాను.

ఈ మాట ఎత్తితే పెద్ద పెద్ద ఇంజనీర్లు నన్ను చూసి జాలిపడతారు. "ఇవన్నీ అందరికీ తెలిసినవేనండీ, మేస్త్రి చూసుకుంటాడు" అంటారు. మేస్త్రి చూసుకునేటట్టయితే డ్రాయింగుకి ఫీజు ఎందుకు తీసుకున్నట్టు? పని బాగుంటే డ్రాయింగు గొప్ప, చెడిపోతే మేస్త్రి తాగుబోతు. ఈ న్యాయం నేను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. మేస్త్రికి తెలిసిన భాష అంగుళాలు. దాన్ని రాయడానికి నామోషీ. అతనికి తెలియని భాషలో రాసి, అతను తెలుసుకుంటాడని నమ్మకం.

ఇంకొందరు చట్టం చూపిస్తారు. 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం మెట్రిక్ కొలతలే వాడాలి, అంగుళాలు రాయకూడదంటారు. మంచిది, మిల్లీమీటర్లే ముందు రాయండి. కాని టీవీ కొన్నప్పుడు డబ్బా చూశారా? 80 సెంటీమీటర్లని వుంటుంది, పక్కనే 32 అని వుంటుంది. కొనేవాడికి 32 అంటేనే తెలుస్తుందని అమ్మేవాడికి తెలుసు. చట్టానికి చట్టం, బజారుకి బజారు. నట్టింట్లో పెట్టుకునే వినోదానికి దక్కిన మర్యాద తాగేనీళ్ళకు దక్కకూడదా?

పెద్ద దేశాల్లో ఇట్లాంటివి జరగవనే భ్రమ మనకి. 1904 ఫిబ్రవరిలో అమెరికాలో బాల్టిమోర్ నగరం అంటుకుంది. చుట్టుపక్కల వూళ్ళనుంచి, వాషింగ్టన్ నుంచి, ఫిలడెల్ఫియా నుంచి ఫైరింజన్లు రైలెక్కి వచ్చాయి. మనుషులున్నారు, ఇంజన్లున్నాయి, గొట్టాలున్నాయి, నీళ్ళూ వున్నాయి. ఆ వూరి నీళ్ళ కొళాయిలకు ఈ వూళ్ళ గొట్టాల మరలు పట్టలేదు. ఎవరి వూరి కొలత వారిది. 1,500 పైచిలుకు భవనాలు కాలిపోయాయి. 1999లో అంగారకుడి దగ్గరికి పంపిన నౌకను పౌన్ల లెక్క ఒకరు, న్యూటన్ల లెక్క ఒకరు వేసి పోగొట్టుకున్నారు. అది ఆకాశంలో పోయింది కాబట్టి లోకమంతా చెప్పుకుంది. మా మిర్చి రైతుది భూమిలో పోయింది.

భూమిలో పోయినవాటి సంగతే నన్ను నిద్రపోనివ్వదు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో తాగేనీళ్ళలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. మనుషులు చనిపోయారు. దానికి కారణం ఏ డ్రాయింగు మీది అంకో అని నేననడం లేదు, అనను కూడా. నేననేది ఒక్కటే. పైపు మట్టిలోకి వెళ్ళాక అది ఎక్కడుంది, ఏ లావుది, దేంతో చేసింది, మంచినీళ్ళదా మురుగుదా అని చెప్పగలిగింది ఆ కాగితం ఒక్కటే. పదేళ్ళ తరవాత ఎవడో ఎక్కడో తవ్వాలి. వాడి చేతిలో వుండేది "110" అనే మూడంకెలు. ఇంటి మురుగుకు వేసే పైపూ 110 వుంది, ఒత్తిడి తట్టే మంచినీళ్ళ పైపూ 110 వుంది. బయటి కొలత రెంటికీ ఒకటే. గోడ మందం, ధర, చేసే పని వేరు. ఒట్టి 110 రాస్తే చౌకరకం కొని ఖరీదైన రకానికి బిల్లు పెట్టుకునే కంట్రాక్టరు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. పట్టుకోండి చూద్దాం అంటాడు. ఎట్లా పట్టుకుంటారు? కాగితం మీద వున్నదే వేశాడాయె.

నేనడిగేదేమీ గొంతెమ్మ కోరిక కాదు. పైపు పక్కన "110 మి.మీ. బయటి వ్యాసం, పీవీసీ, ఐ.ఎస్. 4985, 6 కేజీలు, బజారు పేరు నాలుగంగుళాలు" అని రాయండి. ఆరు కేజీలంటే పైపు బరువు అనుకునే అమాయకులున్నారు, వాళ్ళ కోసం "చదరపు సెంటీమీటరుకి" అని కూడా చేర్చండి. ఒక కేజీ అంటే పది మీటర్ల ఎత్తు నీళ్ళ బరువు. ఆరు కేజీల పైపు అరవై మీటర్ల నీటి ఒత్తిడి తట్టుకుంటుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే నాలుగు కేజీల పైపు చవకని కొని, వాల్వు కట్టగానే పగిలి నా దగ్గరికి కొట్లాటకొచ్చేవాళ్ళు సగం తగ్గుతారు. ఇనప పైపయితే "15, లోపలి పేరు" అని రాయండి. సీపీవీసీ అయితే ఆ మాట రాయండి. ముప్పావును బిన్నంగా రాయడం చేతకాకపోతే తెలుగులో "ముప్పావు" అని అక్షరాల్లో రాయండి. దాన్ని ఏ కంప్యూటరూ ఏప్రిల్ 3 చెయ్యలేదు.

అంత పొడుగు రాస్తే బొమ్మ నిండిపోతుందిట. చోటు చాలదుట. ఒక డ్రాయింగు విప్పి చూడండి. ఉత్తర దిక్కు చూపించే బాణం మల్లేశ్వరస్వామి గాలిగోపురమంత వుంటుంది. కంపెనీ పేరు, కంపెనీ బొమ్మ, ఫోను నంబర్లు, గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు, వీళ్ళందరికీ కలిపి అరచేతి మందాన గడులు. ఆ "సరిచూసినవారు" గడిలో ఎప్పుడూ గీసినవారి చేతిరాతే వుంటుంది, అది వేరే కథ. ప్రహరీ పక్కన కొబ్బరి చెట్లు ఆకు ఆకునా గీస్తారు. కారు గీస్తారు. కారుకి అద్దాలు గీస్తారు. ఆ కారు ఇంటాయన ఇంకా కొననే లేదు. రెండు కొబ్బరి చెట్లు కొట్టేస్తే ఇంట్లో పైపులన్నిటికీ సరిపడా చోటు దొరుకుతుంది.

మా కొట్లో ఇప్పుడొక పలక వేలాడదీశాను. ఒక వైపు 20, 25, 32, 40, 50, 63, 75, 90, 110. ఎదురుగా అర, ముప్పావు, ఒకటి, ఒకటింబావు, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, నాలుగు. కింద "ఇది పీవీసీ బయటి కొలత. గుణించరాదు" అని ఎర్రరంగుతో రాయించాను. ఒట్టి అంకెతో వచ్చిన కాగితానికి సరుకు ఇవ్వను. గీసినవాడికి ఫోను కలపమంటాను. అతను ఏ పైపో నోటితో చెప్పాక, కాగితం మీద పెన్నుతో రాసి, వచ్చినవాడి చేత సంతకం పెట్టించుకుని అప్పుడు బండికెత్తిస్తాను. బేరం పోతోందని మా ఇంట్లో గోల. వారం కింద ఒక కొత్త ఇంజనీరు పలకని ఫొటో తీసుకుని, "పైన మీ కొట్టు పేరు పెద్దదిగా వుంది, అది తీసేసి మాకు ఇస్తారా?" అని అడిగాడు. ఇస్తానన్నాను, పైపుల పక్కన రాస్తానంటే.